పంగల గుంజ

సముద్రము చిన్న మంగళారమునకు 250 కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. ఆ గ్రామము చేవెళ్ళ ప్రాంతములో, మొయినాబాదు మండలమునకు చేరినది. ఆ మండలమునకు దగ్గరలోనే మూసీనదిపై 1920లో ముగిసిన ఉస్మాన్ సాగరమును, ఈసీనదిపై 1927లో ముగిసిన హిమాయత్ సాగరమును కలవు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. అట్టి యాపద మరల రాకుండుటకును, నగరమునకు త్రాగునీరు లభించుటకును ఈ రెండు జలాశయములు కట్టబడినవి. నీరు ఇంత చెంతనున్నను ఆ యూరివారికి నాగలితోను బండితోను గల పరిచయము తెరచాపతో లేదు.

అట్టి యూరిలో ఒక వృద్ధుడైన వడ్రంగి, తెరచాప పడవ నెన్నడును ఎక్కనివాడు, పడవ కొయ్యకు ఊత చేసిపెట్టిన వృత్తాంత మిది. వృత్తాంతము చిన్నదే. కాని కొయ్య ఎట్లు పగులును, బరువు ఎచట పడును అను సంగతులు తెలియగోరు వారికి ఇందు కొంత పని కలదు.

నా మిత్రుడొకడు ఉద్యోగము చాలించిన పిదప ఆ గ్రామమున చిన్న తోట కొని, అందొక రేకుల పాక వేసి, ప్లైవుడ్డు పలకలతో పడవ నొకదానిని స్వయముగా కట్టెను. 1956లో జాక్ హోల్ట్ అను ఆంగ్లేయుడు రూపొందించిన ఎంటర్‌ప్రైజు అను పడవను చూచి దానిని కట్టితినని అతడు చెప్పెడివాడు. పొడవు ఇంచుమించు 4 మీటర్లు. ఇద్దరు కూర్చుండవచ్చును. త్రాగునీటి చెరువులలో దానిని దింపుట తగదని తలంచి, అతడు దానిని హైదరాబాదులోని హుస్సేన్ సాగరమునకే కొనిపోవ నిశ్చయించుకొనెను.

హుస్సేన్ సాగరము ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలమున, 1563 ప్రాంతమున త్రవ్వబడిన చెరువు. తెరచాప పడవలు నడపు విద్య అచట ప్రధానముగా సైనికుల వలన వృద్ధి పొందినది. సికింద్రాబాదు సెయిలింగ్ క్లబ్బును, సైన్యమునకు చేరిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషనును అచట పోటీలు నడపుచు వచ్చినవి. 2009లో నెలకొన్న యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాదు పేద కుటుంబముల బాలబాలికలకు కూడ ఈ విద్య గరపినది. బాలురు మొదట నేర్చుకొను ఆప్టిమిస్టు పడవ 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనునతడు కల్పించినది. దాని పొడవు ఇంచుమించు 2 మీటర్ల 30 సెంటీమీటర్లు మాత్రమే. కొయ్యయు చిన్నదే. దానిని ఊడదీసి పడవలోనే పరుండబెట్టవచ్చును. లేజరు అను పడవకు కొయ్య రెండు ముక్కలుగా ఊడివచ్చును. ఇట్టివానితో బాటమీద చిక్కులు తక్కువ. నా మిత్రుని పడవ కొయ్య యట్లు కాదు. అది 6 మీటర్ల పొడవుగల ఒకే కంబము. అనగా పడవకంటె ఒకటిన్నర రెట్లు పొడవు.

ఓడకొయ్యకు అమరకోశమున కూపకము, గుణవృక్షకము అను పేర్లు కలవు. గుణమనగా త్రాడు. త్రాళ్లు కట్టబడిన వృక్షమని దాని భావము. ఆ మాట ఎంత తగియున్నదో గమనింపుడు. నిలబడి యున్నంతవరకు కొయ్యను మూడు వైపుల నుండి త్రాళ్లు లాగి పట్టుకొనియుండును. గాలి ఎంత కొట్టినను అది చలింపదు. త్రాళ్లు విప్పి పరుండబెట్టితిమా, ఆ బలమంతయు పోయి అది కేవలము సన్నని పొడవైన కఱ్ఱ యగును. పూర్వము మన కాలువలలో పడవలు సరకులు మోయు కాలమున, వంతెన ఎదురైనప్పుడు సరంగులు తెరచాప దింపి కొయ్యను వాల్చవలసివచ్చెడిది. వంతెన దాటగానే మరల ఎత్తెడివారు. నీటిమీద అది కొన్ని నిమిషముల పని. గుంతలు గల బాటమీద, బండి వెనుక కట్టిన ట్రైలరుపై, నలువది కిలోమీటర్లు వాల్చిన కొయ్యను మోసికొనిపోవుట వేరు పని.

నా మిత్రుడు పుస్తకమొకటి చూచి ఊత చేసెను. అంగుళము మందము, ఎనిమిదంగుళముల వెడల్పు గల టేకు పలకను నిలువుగా తీసికొని, దాని తలలో మూడు మూలల గంటు కోసెను. ఆ గంటులో కొయ్యను నిలిపి, పలక అడుగును పడవ వెనుక భాగమునకు మేకులతో బిగించెను. చూచుటకు అది నున్నగా, ముచ్చటగా నుండెను. నేను కూడ మెచ్చుకొంటిని. ఆ మెప్పు తలంచుకొన్నప్పుడెల్ల నాకు ఇప్పటికిని సిగ్గగును.

ఒక వేకువన జీపు వెనుక ట్రైలరు కట్టి ఇద్దరమును బయలుదేరితిమి. ఊరి బాట దాటి చేవెళ్ళ రహదారి నెక్కితిమి. ఆ రహదారి మర్రిచెట్లకు పేరు పొందినది. మొయినాబాదునకు అవతల బాటకు ఇరువైపుల వందలకొలది మర్రిమాకులు బారులు తీరి, కొమ్మలు కలుపుకొని, పందిరి వేసినట్లుండెను. ఆ నీడలో బాట మీది గుంత సరిగా కనబడలేదు. జీపు చక్రము దాటినది, ట్రైలరు చక్రము దిగబడినది. వెనుక నుండి ‘ఫట్’మని చప్పుడు వినవచ్చెను.

దిగి చూచునప్పటికి పలక నిలువున రెండుగా చీలియుండెను. కొయ్య వెనుకకు జారి, కొన బాటను గీసికొనుచు వచ్చి ఆగెను. దానికి రెండు బారల దూరమున ఒక బడిపిల్లవాడు సైకిలుతో సహా బాట ప్రక్క పల్లములో పడియుండెను. కొయ్య తనవైపు దూసుకొని వచ్చుట చూచి, వాడే హ్యాండిలు త్రిప్పి పల్లములోనికి దిగినాడట. మోకాలు కొంచెము గీసికొనిపోయెను. అంతకుమించి దెబ్బలేదు. వాడు లేచి, పుస్తకముల సంచి దులుపుకొని, కొయ్య కొన నుండి ఊడిపడిన ఎఱ్ఱగుడ్డను తెచ్చి నా మిత్రుని చేతికిచ్చి, “మీది సార్” అని చెప్పి పోయెను. నా మిత్రుడు ఆ గుడ్డను పట్టుకొని చాలసేపు మర్రిచెట్టు మొదట కూర్చుండెను. ఆ దినము మేము హుస్సేన్ సాగరమునకు పోలేదు.

మరునాడు చీలిన పలకను తీసికొని ఊరిలోని వడ్రంగి వద్దకు పోతిమి. అతని వయస్సు డెబ్బది దాటియుండును. నాగళ్ళు, గుంటకలు, బండ్లు చేసి బ్రతికినవాడు. ట్రాక్టర్లు వచ్చిన పిదప ఆ పని తగ్గి, తలుపులు కిటికీలు చేయుచుండెను. అతడు పలక ముక్కలను రెంటిని ఒకదానికొకటి చేర్చి చూచి, నవ్వి, ఇట్లనెను:

“సారూ, కట్టెలు చీల్చేటప్పుడు ఏం చేస్తం? మొద్దు నెత్తిన చీల పెట్టి కొడతం. మీ పలక నెత్తిన మీరే గంటు పెట్టినరు, దాంట్ల గుండ్రటి కొయ్య పెట్టినరు. ఇంక సుత్తె పని బాటల గుంతలు చేసినయి.”

ఆ మాటలో విషయమంతయు కలదు. కొయ్యలో నారలుండును. అవి చెట్టు పెరిగిన దిశను నిలువుగా పోవును. నారలను అడ్డముగా తెంచుట కష్టము. ఒక నారను మఱియొక నార నుండి విడదీయుట సులభము. అందుచేతనే కట్టెలు నిలువుగా చీలును. నిలువు నారలు గల పలక తలలో కోసుగా గంటు పెట్టినచో, అందు నిలిచిన గుండ్రని కొయ్య క్రిందికి దిగుటకు యత్నించుచు రెండు కొమ్ములను ఎడముగా నెట్టును. ఆ ఒత్తిడి యంతయు గంటు అడుగున, సూదిమొనవలె నున్న మూలయందు చేరును. పలక అచట మొదలుపెట్టి చీలును. పలక మందము పెంచినను ఈ దోషము పూర్తిగా పోదు.

“మరి ఏం చేద్దాం తాతా?” అని నా మిత్రుడడిగెను.

వృద్ధుడు మారు పలుకక పాక వెనుకకు పోయి, ఎండుకట్టెల కుప్పలో నుండి నల్లతుమ్మ పంగ నొకదానిని ఈడ్చుకొని వచ్చెను. “దేవుడు చేసిన పంగ ఉండంగ మనం కోసుడెందుకు?” అనెను.

పందిళ్లకును, కొట్టములకును మన పల్లెలలో పంగల గుంజలు పాతుట మీరు చూచియుందురు. చెట్టు కొమ్మ రెండుగా చీలినచోట నారలు తెగవు. మాను నుండి వచ్చిన నారలు కొన్ని ఈ కొమ్మకును కొన్ని ఆ కొమ్మకును వంగిపోవును. నడిమి చోట అవి ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. అందుచేత అచట గొడ్డలి పెట్టినవానికి చెమట పట్టును. వంటచెరకు కొట్టువారు పంగలను విడిచిపెట్టుటకు ఇదియే కారణము. కంచెవాడు విడిచిపెట్టినది మనకు కావలసినది.

అయినను ప్రతి పంగయు పనికిరాదు. రెండు కొమ్మలు మరీ దగ్గరగా, ఇరుకుగా పెరిగినచో వాని నడుమ బెరడు చిక్కుకొని లోపలికి పోవును. అట్టిచోట నారలు కలియవు. పైకి ఒకటిగా కనబడినను అది రెండుగా నున్నట్లే. గాలివానలో చెట్లు విరుగునప్పుడు ఇట్టి పంగలే ముందుగా చీలును. కొమ్మలు విశాలముగా, పక్షి రెక్కలు చాచినట్లు ఎడమైనవియు, నడుమ బెరడుగీత లోనికి పోనివియు నైన పంగలనే ఎన్నుకొనవలెను. వృద్ధుడు రెండు పంగలను పారవేసి మూడవదానిని నిలుపుకొనెను. అది ఒక సంవత్సరము పైబడి నీడను ఆరినది. పచ్చికొయ్యతో చేసినచో ఎండుచున్నకొలది బిగువు సడలి పగుళ్లు వచ్చును.

తుమ్మ బరువైనది, గట్టిది. అందుచేతనే నాగళ్లకును బండి చక్రములకును దానిని వాడుదురు. టేకు తేలిక. నీటికి ఎక్కువ ఓర్చును. పలకలతో చేయదలచినవారికి టేకే మేలు. వారు ఒక గుంజకు ఇరువైపుల రెండు ఏటవాలు చెక్కలను బోల్టులతో బిగించి, నడుమ గుండ్రని పీఠము అమర్చి, పీఠము క్రింద గుంజకు అడ్డముగా మరొక బోల్టు దూర్చవలెను. ఆ బోల్టు నారలు విడిపోకుండ అదిమిపట్టును. కాని మా కథలో పంగ దొరికినది కనుక ఆ పని పడలేదు.

వృద్ధుడు మొదట బాడిశతో బెరడు చెక్కివేసెను. పంగకు క్రింది భాగము, పడవకు ఆనుకొను చోటు, బాడిశతో బల్లపరుపుగా చెక్కి పిదప చిత్రిక పట్టెను. పంగ అడుగున ఉలితో కొంచెము మాత్రమే తీసి, కోసు లేకుండ గిన్నెవలె గుండ్రము చేసెను. మూల ఎచటను ఉండరాదని అతడు మాటిమాటికి వ్రేలితో తడవి చూచుచుండెను. మొత్తము పొడవు ఒక మీటరు. అందు క్రింది 40 సెంటీమీటర్లు పడవ వెనుక పలకకు ఆనుకొనును. మీది 60 సెంటీమీటర్లు కొయ్యను పైకెత్తి పట్టును.

దానిని పడవకు బిగించుట ఎట్లు? నా మిత్రుడు మరల మేకుల మాట ఎత్తగా వృద్ధుడు తల అడ్డముగా ఊపెను. బండి అదరుచుండగా మేకులు క్రమముగా సడలి పైకి వచ్చును. పడవకు అనవసరముగా రంధ్రములు పడును. అతడు పడవ వెనుకకు పోయి, చుక్కాని తగిలించు రెండు ఇనుప కన్నులను చూపి, “ఇవి దేనికి సారూ?” అని యడిగెను. చుక్కాని నీటిమీద గదా కావలెను. బాటమీద దానిని తీసి లోపల పెట్టుదురు. అప్పుడు ఆ కన్నులు ఖాళీగా నుండును. పంగల గుంజను అందే తగిలింపవచ్చును! పుస్తకము చదివిన మా యిద్దరికిని తట్టని యీ యుక్తి, చుక్కాని నెన్నడును పట్టని వానికి తట్టినది. తలుపులకు బందులు వేయుచుండువాడు గదా.

కమ్మరి రెండు ఇనుప పట్టీలకు క్రిందికి దిగు మేకులు అతికి యిచ్చెను. కన్నుల మధ్య దూరమును కాగితముమీది కొలతనుబట్టి కాక, పడవమీదనే పుల్లతో కొలిచి తెచ్చితిమి. క్రింది మేకు మీదిదానికంటె ఒక అంగుళము పొడవు. రెండును సమానముగా నున్నచో ఒకేసారి రెండు కన్నులలో దూర్చుట మిక్కిలి చిరాకు పని. ఒకటి పొడవైనచో అది ముందుగా దారి చూపును, రెండవది దాని వెంట దిగును. పట్టీలను గుంజకు బరమాతో వేసిన రంధ్రములలో బోల్టులు దూర్చి, వెడల్పాటి బిళ్ళలు వేసి బిగించిరి. గుంతలో పడి ఎగిరినప్పుడు మేకులు పైకి ఊడిరాకుండ క్రిందిదాని కొనకు చీలమేకు తగిలించిరి.

ఇక్కడ ఒక చిక్కు మిగిలినది. చుక్కాని కన్నులు చుక్కాని తిరుగుటకై యున్నవి. కనుక గుంజయు అందు తిరుగును. అట్లు తిరుగకుండ పంగ మెడ నుండి పడవ వెనుక మూలలు రెంటికి రెండు త్రాళ్లు లాగి కట్టితిమి. పైనుండి చూచినచో ఆ త్రాళ్లును పడవ వెనుక పలకయు కలిసి త్రిభుజమగును. మూడు భుజముల పొడవు మారనంతవరకు త్రిభుజము ఆకారము మారదని మీరు గణితమున చదివియున్నారు.

అవిసె నూనెను రెండు పూతలు పూసి ఎండలో ఆరవేసితిమి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పారవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనవచ్చును. విప్పి తీగపై ఆరవేయవలెను. పంగలో పాత సైకిలు ట్యూబును చీల్చి పరచితిమి. గోనె మెత్తననియే గాని, తడిసినచో నీటిని పట్టియుంచి కొయ్యను పాడుచేయును.

ఊత బాగుపడినను మొదటి దినపు తప్పు మఱియొకటి కలదు. దానిని లెక్కవేసి కనుగొంటిమి. కొయ్య పొడవు 6 మీటర్లు, బరువు 12 కిలోలు. ట్రైలరు ముందరి స్తంభము మీద ఒక ఊత, పడవ వెనుక ఒక ఊత. రెంటి నడుమ దూరము 4 మీటర్లు. జీపునకు తగులకుండవలెనని నా మిత్రుడు కొయ్య ముందరి కొనను సరిగా ముందరి ఊతపైనే నిలిపి, మిగిలిన 2 మీటర్లను వెనుకకు విడిచెను. కొయ్య బరువు నడిమిని, అనగా ముందరి ఊతనుండి 3 మీటర్ల దూరమున నున్నట్లు భావింపవలెను. అప్పుడు వెనుకటి ఊతపై పడునది 12ను 3చే గుణించి 4చే భాగింపగా వచ్చు 9 కిలోలు. ముందరిదానిపై 3 మాత్రమే. గుంతలో పడినప్పుడు ఈ 9 అనేక రెట్లగును. తోకవలె వ్రేలాడు 2 మీటర్లు పైకి క్రిందికి ఊగి పంగను మఱింత పీడించును.

ఈమారు కొయ్యను 80 సెంటీమీటర్లు ముందుకు జరిపితిమి. వెనుక 1 మీటరు 20 సెంటీమీటర్లు మిగిలెను. వెనుకటి ఊతపై బరువు 6 కిలోల 600 గ్రాములకు తగ్గెను. ఇంకను జరుపవచ్చును గాని, జీపు మలుపు తిరుగునప్పుడు కొయ్య మొన దాని వెనుక అద్దమును తాకును. మైదానములో జీపును పూర్తిగా త్రిప్పి చూచి ఈ కొలత నిర్ణయించితిమి. అంతట ఒకే మందముగల కొయ్యను రెండు కొనలయందు మోయించుటకంటె, కొనలనుండి పొడవులో ఇంచుమించు అయిదవ వంతు లోపలికి ఊతలు జరిపి మోయించినచో, దానిని వంచు బలము ఇంచుమించు ఆరవ వంతునకు తగ్గును. సన్నని వెదురుబద్దను రెండు ఇటుకలపై పెట్టి, ఇటుకలను లోపలికి జరుపుచు మీరే చూడవచ్చును.

కొయ్యను పంగకు కట్టునప్పుడు సాగెడి రబ్బరు త్రాళ్లు వాడలేదు. లారీలవారు సరకు బిగించు ముడి నేర్చుకొని, నూలుత్రాటితో అదిమి కట్టితిమి. జీపు ఆపునప్పుడు కొయ్య ముందుకు జారకుండను, ఎక్కునప్పుడు వెనుకకు జారకుండను వేరుగా మరొక త్రాడు కట్టితిమి. మొదటి దినము కొయ్య వెనుకకు జారినది ఈ త్రాడు లేకనే. కొనకు ఎఱ్ఱగుడ్డను, చీకటిపడినచో వెలిగించుటకు ఎఱ్ఱదీపమును తగిలించితిమి. పడవ ముక్కును ట్రైలరు ముందరి స్తంభమునకు గట్టిగా లాగి కట్టితిమి. ఒక ఊత ట్రైలరుమీద, రెండవది పడవమీద నున్నవి గదా. పడవ ట్రైలరుపై కదలినచో రెండు ఊతలును చెరియొక దారిని పోవును.

రెండవ ప్రయాణమున వృద్ధుడు కూడ మాతో వచ్చెను. ఒక కిలోమీటరు పోగానే ఆపించి త్రాళ్లన్నియు పట్టి చూచెను. క్రొత్తత్రాడు సాగునని అతడు చెప్పినట్లే, రెండు సడలియుండెను. మరల బిగించితిమి. మర్రిచెట్టు క్రింది గుంత వద్ద నా మిత్రుడు జీపును నడకవలె నడిపించెను. పంగ కిర్రుమనలేదు.

హుస్సేన్ సాగరము ఒడ్డున కొయ్య నెత్తుటకు ముందు తలయెత్తి ఆకాశము చూచితిమి. కరెంటు తీగలు దగ్గరలో నున్నచోట కొయ్య నెత్తుట ప్రాణాపాయము. లోహపు కొయ్య సరే, తడిసిన చెక్కకొయ్యయు విద్యుత్తును మోయగలదు. ట్రైలరును తీగలకు చాల దూరముగా తీసికొనిపోయి కొయ్యను నిలిపి, త్రాళ్లు బిగించితిమి. పిదప గుంజను ఊడదీసి, ఆ కన్నులలోనే చుక్కానిని తగిలించితిమి.

“రా తాతా, ఒక చుట్టు తిరిగి వద్దాం” అని నా మిత్రుడు పిలిచెను.

“నాకెందుకు సారూ, మీరు పోయి రాండ్రి” అని వృద్ధుడు పంగల గుంజను ఒళ్లో పెట్టుకొని గట్టుమీద కూర్చుండెను. పడవ గాలికి ఒక ప్రక్కకు ఒరిగి దూరముగా పోవుచుండగా, అది పడిపోవునేమో యని లేచి నిలుచుండెను. నిలుచుండియే మేము తిరిగి వచ్చువరకు చూచుచుండెను. మేము ఒడ్డు చేరగానే పడవ సంగతి ఏమియు అడుగలేదు. గుంజకు అతికిన మీది పట్టీ బోల్టు ఒకటి అరచుట్టు సడలినదని చూపి, పానా ఇమ్మని చేయి చాచెను.